బ్రెగ్జిట్‌కు పదేళ్లు: గెలిచినోళ్లూ ఖుషీగా లేరు.. ఓడినోళ్లూ లేరు.. బ్రిటన్ జనం ఏమంటున్నారు?

2016 జూన్ 24. మన దగ్గర ఆఫీసులకు బయల్దేరే టైం. మార్కెట్ ఓపెన్ అయ్యిందో లేదో సెన్సెక్స్ జారిపోవడం మొదలైంది. ఒక దశలో వెయ్యి పాయింట్లకు పైగా పడి, చివరికి 605 పాయింట్ల నష్టంతో క్లోజ్ అయ్యింది. ముంబైలో ఏమీ జరగలేదు, ఢిల్లీలోనూ ఏమీ జరగలేదు. కథ మొదలైంది కొన్ని గంటల ముందు, ఇంగ్లండ్ ఈశాన్య తీరంలోని సండర్లాండ్ అనే ఊరి కౌంటింగ్ హాల్లో.

సండర్లాండ్ అంటే నిస్సాన్ కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. అక్కడ తయారయ్యే కార్లలో ఎక్కువ శాతం వెళ్లేది యూరప్ దేశాలకే. అలాంటి ఊళ్లో 61 శాతం మంది యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి పోదాం అని ఓటేశారు. రిజల్ట్ ప్రకటించగానే హాల్లో కేకలు, ఈలలు. అదే నిమిషంలో పౌండ్ విలువ పడటం మొదలైంది. తెల్లారేసరికి డాలర్‌తో పోలిస్తే 1985 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి వెళ్లింది. బ్రేక్‌ఫాస్ట్ టైంకి ప్రధాని డేవిడ్ కామెరాన్ ఇంటి బయటికొచ్చి తప్పుకుంటున్నట్టు చెప్పేశారు.

ఫైనల్ లెక్క చూస్తే లీవ్‌కు 51.9 శాతం, రిమైన్‌కు 48.1 శాతం. ఓట్లలో చెప్పాలంటే 1.74 కోట్లు, 1.61 కోట్లు. పోలింగ్ 72 శాతం. నాలుగు దశాబ్దాలకు పైగా ఉన్న కూటమి నుంచి ఒక దేశం బయటికి రావాలని డిసైడ్ అయ్యింది ఈ తేడాతోనే.

ఈ జూన్ 23తో ఆ ఓటుకు పదేళ్లు. ఈ పదేళ్లలో బ్రిటన్ ఆరుగురు ప్రధానుల్ని చూసింది. జనం అభిప్రాయం కూడా తిరగబడింది. యూగవ్ సంస్థ 2025 జనవరిలో అడిగితే, బయటికి రావడం తప్పని 55 శాతం మంది అన్నారు. కరెక్టే అన్నవాళ్లు 30 శాతం మందే. ఆ సంస్థ ఈ ప్రశ్న అడగడం మొదలుపెట్టినప్పటి నుంచి ఇదే అతి తక్కువ.

మరి 2016లో ఓటేసినవాళ్లు ఏమనుకుని ఓటేశారు? ఎక్కడ తేడా కొట్టింది?

బ్యాలెట్‌లో రెండే గళ్లు

ఆ రోజు బ్యాలెట్ పేపర్ మీద ఉన్నది ఒక్కటే ప్రశ్న. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా? ఉండటం అంటే ఏంటో అందరికీ తెలుసు, ఎందుకంటే అప్పటికే ఉన్నారు. బయటికి రావడం అంటే ఏంటన్నది మాత్రం పేపర్ మీద లేదు. నార్వేలాగా సింగిల్ మార్కెట్‌లో ఉంటూ బయటికి రావడమా? కస్టమ్స్ కూడా తెంచుకోవడమా? ఐర్లండ్ సరిహద్దు సంగతేంటి? ఇవేవీ అడగలేదు. ఆ ఖాళీని ఎవరికి వాళ్లు తమకు కావాల్సినదానితో నింపుకున్నారు. ఈ మొత్తం గొడవకి మూలం ఇక్కడే ఉంది.

లింకన్‌షైర్‌లో బాస్టన్ అనే చిన్న ఊరు ఉంది. చుట్టూ క్యాబేజీ, బంగాళాదుంప, కాలీఫ్లవర్ పొలాలు. 2004లో పోలండ్, లిథువేనియా లాంటి దేశాలు ఈయూలో చేరాక, అక్కడి నుంచి వేల మంది ఈ పొలాలకు, ప్యాకింగ్ షెడ్లకు పనికొచ్చారు. కొన్నేళ్లలోనే ఊరి రూపు మారిపోయింది. అద్దెలు పెరిగాయి, డాక్టర్ అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమైంది, మార్కెట్ వీధిలో పోలిష్ బోర్డులు కనిపించడం మొదలైంది. బ్రిటన్ మొత్తంలో లీవ్‌కు అత్యధికంగా, 75.6 శాతం ఓట్లు పడింది ఈ ఊళ్లోనే. వాళ్ల దృష్టిలో బ్రెగ్జిట్ అంటే ఒకటే అర్థం: వలసలు తగ్గాలి.

సముద్రం పక్కన ఉండే జాలర్లది ఇంకో లెక్క. ఈయూ కోటాల పేరుతో తమ నీళ్లలోని చేపల్ని ఫ్రెంచ్, డచ్ పడవలు పట్టుకుపోతున్నాయన్నది వాళ్ల కోపం. పోలింగ్‌కు వారం ముందు పడవలన్నీ వేసుకుని థేమ్స్ నదిలో లండన్ దాకా వచ్చారు. ముందు పడవలో నైజెల్ ఫరాజ్. ఎదురుగా ఇంకో పడవలో మైకు పట్టుకుని రిమైన్ తరఫున పాప్ సింగర్ బాబ్ గెల్డాఫ్. పార్లమెంట్ ముందు నది మధ్యలో ఇద్దరూ తిట్టుకున్నంత పని చేశారు. ఆ సీన్ అప్పట్లో ప్రపంచమంతా టీవీల్లో నవ్వుకుంటూ చూసింది. మరుసటి రోజే రిమైన్ వైపు ఎంపీ జో కాక్స్‌ను తన నియోజకవర్గంలో నడివీధిలో హత్య చేశారు. నవ్వులు ఆగిపోయాయి.

కర్రీ హౌస్‌ల కథ మన జనానికి ఇంకా దగ్గరగా ఉంటుంది. బ్రిటన్‌లో ఇండియన్ రెస్టారెంట్ అని బోర్డు ఉన్న హోటళ్లలో చాలా వరకు నడిపేది బంగ్లాదేశ్ నుంచి వెళ్లిన కుటుంబాలే. వంటవాళ్లు దొరక్క అవి మూతపడుతున్న రోజులవి. యూరప్ వాళ్లు వీసా లేకుండా వచ్చేస్తున్నారు, సిల్హెట్ నుంచి ఒక వంటమాస్టర్‌ను తెచ్చుకుందామంటే మాత్రం సవాలక్ష రూల్స్ పెడుతున్నారన్నది వాళ్ల బాధ. ఈయూ నుంచి బయటికొస్తే దక్షిణాసియా వంటవాళ్లకు దారి దొరుకుతుందని అప్పటి మంత్రి ప్రీతి పటేల్ లాంటివాళ్లు ప్రచారం చేశారు. క్యాటరింగ్ సంఘం పెద్దలు నమ్మి లీవ్ వైపు నిలబడ్డారు. అంటే ఏంటి? బాస్టన్‌లో ఒకాయన వలసలు ఆగాలని లీవ్‌కు ఓటేశాడు. బర్మింగ్‌హామ్‌లో ఒక హోటల్ ఓనర్ వలసలు రావాలని లీవ్‌కే ఓటేశాడు. రెండు ఓట్లూ ఒకే డబ్బాలో పడ్డాయి, ఒకే లెక్కలో కలిసిపోయాయి.

కార్న్‌వాల్ సంగతి చెప్పకుండా ఉండలేం. ఇంగ్లండ్‌లో బాగా వెనకబడిన ప్రాంతాల్లో ఒకటి. ఈయూ నిధులతో రోడ్లు, యూనివర్సిటీ క్యాంపస్, బ్రాడ్‌బ్యాండ్ వచ్చాయి. అయినా 56 శాతానికి పైగా లీవ్‌కే ఓటేసింది. రిజల్ట్ వచ్చిన రోజే అక్కడి కౌన్సిల్, ఈయూ నుంచి వచ్చే డబ్బు ఆగితే అంత మొత్తం లండన్ ఇవ్వాలని అడిగింది. దీన్ని చూసి చాలా మంది ఎగతాళి చేశారు. కానీ ఒక బోర్డు మీద ఈయూ జెండా బొమ్మ చూసినంత మాత్రాన ఇంట్లో కొడుక్కి ఉద్యోగం వచ్చినట్టు కాదు కదా. ఆ కోపం బ్రస్సెల్స్ మీదా, లండన్ మీదా అన్నది బ్యాలెట్ పేపర్ అడగలేదు.

ఇక ఎర్ర బస్సు. వారానికి 35 కోట్ల పౌండ్లు ఈయూకి పంపుతున్నాం, ఆ డబ్బు మన ఎన్‌హెచ్‌ఎస్‌కు ఇద్దాం అని రాసుకుని దేశమంతా తిరిగిన బస్సు. తిరిగొచ్చే డబ్బును తీసేయకుండా చెప్పిన ఆ లెక్క తప్పుదోవ పట్టించేదని అధికారిక గణాంకాల సంస్థే పోలింగ్‌కు ముందే చెప్పింది. ఫలితం వచ్చిన ఉదయమే, ఆ హామీకి తాను గ్యారంటీ ఇవ్వలేనని ఫరాజ్ టీవీలో చెప్పేశారు. బస్సు ఆయన టీందీ కాదు, అధికారిక లీవ్ క్యాంపెయిన్‌ది. కానీ జనానికి ఆ తేడాలు పట్టవు.

ఓటు ఎవరికుంది, ఎవరికి లేదు?

చాలా మందికి తెలియని విషయం ఒకటుంది. ఈ రెఫరెండంలో బ్రిటన్‌లో ఉంటున్న కామన్వెల్త్ దేశాల పౌరులకు ఓటు హక్కు ఉంది. అంటే ఇండియన్ పాస్‌పోర్ట్‌తో లండన్‌లోనో రీడింగ్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాళ్లు కూడా పేరు నమోదు చేయించుకుంటే ఓటేయొచ్చు. అదే పదేళ్లుగా అక్కడే ఉంటూ, ట్యాక్స్ కడుతూ, పిల్లల్ని బడికి పంపుతున్న పోలండ్ వ్యక్తికి ఓటు లేదు. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ పౌరులకు తప్ప మిగతా ఈయూ జనానికి ఆ ఛాన్స్ ఇవ్వలేదు. ఎవరి జీవితం మీద నిర్ణయం జరుగుతోందో వాళ్లే బయట నిలబడి చూడాల్సి వచ్చింది.

రిజల్ట్ తర్వాత ముందు దెబ్బ పడింది కూడా వాళ్ల మీదే. లండన్ హ్యామర్‌స్మిత్‌లోని పోలిష్ కల్చరల్ సెంటర్ గోడ మీద రెండు రోజుల్లోనే ద్వేషపు రాతలు కనిపించాయి. 2016 జులైలో జాతి, మతం పేరుతో జరిగిన నేరాలు అంతకుముందు ఏడాది జులైతో పోలిస్తే 41 శాతం పెరిగాయని బ్రిటన్ హోంశాఖే లెక్క చెప్పింది. లీవ్‌కు ఓటేసిన అందరూ ద్వేషంతో వేశారనడం అన్యాయం. కానీ ద్వేషం ఉన్నవాళ్లు దేశం మొత్తం తమ వెనకే ఉందనుకున్నారు. దెబ్బ తిన్నవాళ్లకు ఈ రెండిటికీ తేడా తెలియదు.

వయసు తేడా ఇంకా గట్టిగా కనిపించింది. పోలింగ్ రోజు లార్డ్ యాష్‌క్రాఫ్ట్ చేయించిన సర్వే ప్రకారం 18 నుంచి 24 ఏళ్ల వాళ్లలో 73 శాతం మంది రిమైన్. 65 దాటినవాళ్లలో 60 శాతం లీవ్. మీరు ఉండేది ఇంకో పదేళ్లు, మేము బతకాల్సింది అరవై ఏళ్లు అన్న మాట ఆ వారం చాలా ఇళ్లలో డైనింగ్ టేబుల్ దగ్గర వినిపించింది. తాతయ్యతో మాట్లాడటం మానేసిన మనవళ్ల కథలు అప్పటి పేపర్ల నిండా ఉన్నాయి.

ఓటేశాక బ్రిటన్ వాళ్లు ఈయూ అంటే ఏంటని గూగుల్‌లో వెతికారన్న వార్త మన దగ్గర కూడా తెగ వైరల్ అయ్యింది. దాంట్లో పస తక్కువ. ఎంత మంది వెతికారు, వాళ్లు అసలు ఓటర్లేనా అన్నది ఆ ట్రెండ్ చెప్పదు. కానీ లీవ్ ఓటర్లంటే తెలివి తక్కువోళ్లు అన్న ముద్ర వేయడానికి అది బాగా పనికొచ్చింది. ఆ ముద్రను వాళ్లు మర్చిపోలేదు. తర్వాత ఎన్ని కష్టాలొచ్చినా మేం తప్పు చేశాం అని చెప్పడానికి నోరు రాకపోవడానికి ఇదీ ఒక కారణమే.

సంతకాలు, ర్యాలీలు, ఒక మోగని గంట

ఓడినవాళ్లు ఊరుకోలేదు. ఇంకోసారి ఓటు పెట్టండి అంటూ పార్లమెంట్ వెబ్‌సైట్‌లో 41 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. 2019 మార్చిలో బ్రెగ్జిట్ మొత్తాన్నే రద్దు చేయండని పెట్టిన పిటిషన్‌కు 61 లక్షలు. అదే నెలలో లండన్ వీధులు నీలిరంగు ఈయూ జెండాలతో నిండిపోయాయి. ఇదే జనం మూడేళ్ల ముందు ఇంత ప్రేమ చూపించి ఉంటే సీన్ వేరేగా ఉండేది. రెఫరెండం ముందు రిమైన్ క్యాంపెయిన్ అంతా ధరలు పెరుగుతాయి, జీతాలు తగ్గుతాయి అని భయపెట్టడంతోనే సరిపోయింది. యూరప్ మాది అని గట్టిగా అన్నవాళ్లు తక్కువ.

పార్లమెంట్‌లో మాత్రం నడిచింది వేరే డ్రామా. థెరిసా మే తెచ్చిన ఒప్పందం 2019 జనవరిలో 230 ఓట్ల తేడాతో ఓడింది. బ్రిటన్ చరిత్రలో ఏ ప్రభుత్వానికీ ఇంత పెద్ద ఓటమి లేదు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు ఓడింది. ఆ డిసెంబర్ ఎన్నికల్లో బ్రెగ్జిట్ పని పూర్తి చేస్తా అన్న ఒక్క స్లోగన్‌తో బోరిస్ జాన్సన్ 80 సీట్ల మెజారిటీ కొట్టారు. అప్పటికి సగం దేశానికి ఎలా అయినా సరే, ఈ గోల అయిపోతే చాలు అనిపించింది. తరాలుగా లేబర్ పార్టీ తప్ప ఇంకోటి ఎరగని బొగ్గుగనుల ఊళ్లు కూడా కన్జర్వేటివ్‌లకు ఓటేశాయి.

2020 జనవరి 31, రాత్రి 11 గంటలకు బ్రిటన్ అధికారికంగా బయటికొచ్చింది. ఆ నిమిషంలో బిగ్ బెన్ గంట మోగాలని లీవ్ అభిమానులు చందాలు వేసి 2 లక్షల పౌండ్లకు పైగా పోగు చేశారు. కానీ గంటకు రిపేర్లు నడుస్తున్నాయి. చివరికి పార్లమెంట్ స్క్వేర్‌లో రికార్డింగ్ పెట్టుకుని సంబరం చేసుకున్నారు. రెండు రోజుల ముందు బ్రస్సెల్స్‌లో యూరోపియన్ పార్లమెంట్ సభ్యులు చేతులు పట్టుకుని స్కాట్లండ్ వీడ్కోలు పాట పాడారు, కొందరు కళ్లు తుడుచుకున్నారు. విడాకులంటే ఇలాగే ఉంటుంది. ఒకింట్లో పార్టీ, ఇంకో ఇంట్లో ఏడుపు.

సముద్రం పక్కవాళ్లకు ముందు తెలిసొచ్చింది

అసలు బ్రెగ్జిట్ జనం మీద పడింది 2021 జనవరి 1 తర్వాత. ట్రాన్సిషన్ గడువు అయిపోయింది, కస్టమ్స్ కాగితాలు మొదలయ్యాయి. స్కాట్లండ్‌లో పొద్దున పట్టిన రొయ్యలు, పీతలు అంతకుముందు మర్నాటికల్లా ఫ్రాన్స్ మార్కెట్లో ఉండేవి. ఇప్పుడు హెల్త్ సర్టిఫికెట్లు, డిక్లరేషన్లు అంటూ రోజులు పట్టింది. చేప అంటే సిమెంట్ బస్తా కాదు, ఆగితే పాడైపోతుంది. విసిగిపోయిన ఎగుమతిదారులు లారీలు తెచ్చి ప్రధాని ఆఫీసుకు దగ్గర్లోనే నిలబెట్టి నిరసన తెలిపారు. దానికి కొద్ది రోజుల ముందే మంత్రి జేకబ్ రీస్ మాగ్ పార్లమెంట్‌లో ఇచ్చిన సమాధానం ఏంటో తెలుసా? చేపలు ఇప్పుడు బ్రిటిష్ చేపలయ్యాయట, అందుకే అవి ఇంకా హ్యాపీగా ఉన్నాయట. లారీ నిండా సరుకు కుళ్లిపోతున్నవాడికి ఈ జోక్ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

నెదర్లాండ్స్ పోర్టులో దిగిన ఒక బ్రిటన్ డ్రైవర్ దగ్గర హ్యామ్ శాండ్‌విచ్‌లను కూడా కస్టమ్స్ వాళ్లు లాగేసుకున్న వీడియో మీలో చాలా మంది చూసే ఉంటారు. ఈయూలోకి బయటి దేశాల నుంచి మాంసం తేకూడదు, అంతే రూల్. ఎంతో గొప్పగా తెచ్చుకున్న నీలిరంగు పాస్‌పోర్ట్ సంగతి ఇంకా విచిత్రం. కాంట్రాక్ట్ దక్కింది ఒక ఫ్రాంకో-డచ్ కంపెనీకి. ముద్రణ పోలండ్‌లో.

2021 సెప్టెంబర్‌లో పెట్రోల్ బంకుల దగ్గర కిలోమీటర్ల క్యూలు కట్టాయి. పెట్రోల్ ఉంది, తెచ్చే డ్రైవర్లు లేరు. కోవిడ్ వల్ల టెస్టులు ఆగిపోవడం ఒక కారణం అయితే, యూరప్ డ్రైవర్లు వెళ్లిపోవడం ఇంకో కారణం. చివరికి సైనికులతో ట్యాంకర్లు నడిపించారు. 5 వేల మంది డ్రైవర్లకు టెంపరరీ వీసాలు ఇస్తాం రండి అని పిలిచినా, అనుకున్నంత మంది రాలేదు. వెళ్లిపొమ్మని ఓటేసి, మూడు నెలలకు రమ్మంటే ఎవరొస్తారు?

డబ్బు లెక్క విషయంలో వాదన ఇంకా నడుస్తూనే ఉంది. ప్రభుత్వ బడ్జెట్ అంచనాలు వేసే స్వతంత్ర సంస్థ ఓబీఆర్ మాత్రం మొదటి నుంచీ ఒకే మాట మీద ఉంది. దీర్ఘకాలంలో దేశ ఉత్పాదకత, ఈయూలో ఉంటే ఉండాల్సినదానికన్నా 4 శాతం తక్కువగా ఉంటుందని. ఇది ఒక్కరోజులో కనిపించే నష్టం కాదు. సైకిల్ ట్యూబ్‌కి సన్నటి పంక్చర్ లాంటిది. అందుకే కోవిడ్ వల్లనో, యుక్రెయిన్ యుద్ధం వల్లనో అని తప్పించుకోవడానికి వీలు దొరుకుతుంది.

ఉత్తర ఐర్లండ్ గురించి కొద్దిగా. అక్కడ 56 శాతం మంది రిమైన్‌కే ఓటేశారు. ఐర్లండ్‌తో ఉన్న దాదాపు 500 కిలోమీటర్ల సరిహద్దులో చెక్‌పోస్టులు పెడితే పాత హింస మళ్లీ లేస్తుందన్న భయంతో, చెకింగ్‌ను సముద్రం మీదికి మార్చారు. దాంతో బ్రిటన్‌తోనే ఉండాలనుకునే వర్గం మమ్మల్ని సొంత దేశం నుంచి విడదీశారని రగిలిపోయింది. 2022 ఫిబ్రవరి నుంచి రెండేళ్ల పాటు అక్కడ ప్రభుత్వమే లేదు.

వలసలు తగ్గాయా? ఇక్కడే అసలు ట్విస్ట్

బాస్టన్ ఓటర్ అడిగింది వలసలు తగ్గించమని. ఏం జరిగిందో చూడండి. ఓటు వేసే ముందు ఏడాది, 2015లో బ్రిటన్‌కు నికర వలస దాదాపు 3.3 లక్షలు. ఎక్కువైపోయిందని గోల చేసిన నంబర్ అది. 2023 జూన్‌తో ముగిసిన ఏడాదిలో అదే నికర వలస 9 లక్షలు దాటింది.

యూరప్ నుంచి వచ్చేవాళ్లు నిజంగానే తగ్గారు. వచ్చేవాళ్లకన్నా వెళ్లేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ ఖాళీలోకి ఇండియా, నైజీరియా, పాకిస్తాన్, జింబాబ్వే లాంటి దేశాల వాళ్లు వచ్చారు. 2021 జనవరి నుంచి ఏ దేశం వాడైనా ఒకే పాయింట్ల లెక్క అన్నారు. 2022 ఫిబ్రవరిలో వృద్ధుల సంరక్షణ పనికి వీసాలు తెరిచారు. యుక్రెయిన్, హాంకాంగ్ నుంచి వచ్చినవాళ్లకు ప్రత్యేక దారులు పెట్టారు. ఇవన్నీ చేసింది బ్రెగ్జిట్ తెచ్చిన పార్టీయే, పైగా వలసల్ని కంట్రోల్ చేస్తామని చెబుతూ. నిజానికి కంట్రోల్ చేతికొచ్చింది కూడా. ఆ కంట్రోల్‌తో గేటు ఇంకా పెద్దగా తెరిచారు, ఎందుకంటే హాస్పిటళ్లకు, కేర్ హోమ్‌లకు, యూనివర్సిటీలకు మనుషులు కావాలి.

తెలుగు ఇళ్లకు ఈ కథ తగిలేది ఇక్కడే. చదువు అయ్యాక రెండేళ్లు ఉద్యోగం చేసుకునే వీసాను బ్రిటన్ 2012లో ఎత్తేసింది. అప్పుడు హోంమంత్రి థెరిసా మే. ఆ తర్వాత మన పిల్లలు అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా వైపు తిరిగారు. బ్రెగ్జిట్ ఓటు గెలిచాక, ప్రపంచంలోని టాలెంట్‌కు తలుపులు తెరుస్తున్నాం అంటూ 2019లో జాన్సన్ ప్రభుత్వం ఆ వీసాను మళ్లీ ప్రకటించింది. గ్రాడ్యుయేట్ రూట్ పేరుతో 2021 జులైలో మొదలైంది. ఏడాదిలోనే స్టూడెంట్ వీసాల్లో చైనాను దాటి ఇండియా నంబర్ వన్ అయ్యింది. హైదరాబాద్, విజయవాడ, గుంటూరు కన్సల్టెన్సీల బోర్డుల మీద అమెరికా పక్కన యూకే జెండా మళ్లీ కనిపించడం మొదలైంది అప్పటి నుంచే. లోన్ తీసుకుని, పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని కోవెంట్రీకో లెస్టర్‌కో పంపిన తల్లిదండ్రుల్లో ఎంత మందికి ఈ వీసా వెనక బ్రెగ్జిట్ ఉందని తెలుసు?

అంటే ఒక రకంగా బ్రెగ్జిట్ వల్ల లాభపడినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 2025 జులై 24న సంతకాలు జరిగిన ఇండియా-బ్రిటన్ వాణిజ్య ఒప్పందం కూడా అలాంటిదే. ఈయూలో ఉంటే బ్రిటన్ సొంతంగా అలాంటి ఒప్పందం చేసుకోలేదు. దీంతో రొయ్యల మీద బ్రిటన్ సుంకం పోతుందని ఆంధ్రా ఆక్వా రైతులు లెక్కలేసుకుంటున్నారు. అయితే ఈ లాభం వెనకే ఒక ప్రమాదం కూడా నడుస్తోంది. బాస్టన్ ఓటర్ దృష్టిలో ఇప్పుడు మోసం చేసింది బ్రస్సెల్స్ కాదు, లండన్. అతని కోపం ఇప్పుడు పోలిష్ కూలీ మీద లేదు. కొత్తగా వచ్చినవాళ్ల మీద, చిన్న పడవల్లో ఇంగ్లిష్ ఛానెల్ దాటి వస్తున్నవాళ్ల మీద ఉంది.

తప్పన్నారు.. మరి వెనక్కి ఎందుకు వెళ్లరు?

55 శాతం మంది తప్పు అంటున్నప్పుడు మళ్లీ చేరొచ్చు కదా అన్నది అందరికీ వచ్చే డౌట్. సమాధానం ఆ 55 శాతం లోపలే ఉంది. అందులో కొందరు మొదటి నుంచీ రిమైన్. కొందరు 2016లో ఓటు వయసు లేని పిల్లలు, ఇప్పుడు పాతికేళ్లవాళ్లు. కొందరు లీవ్‌కే ఓటేసి, అమలు చేసిన తీరు చూసి విసిగినవాళ్లు. ఈ చివరివాళ్లు ఈయూను ప్రేమించడం మొదలుపెట్టలేదు. రాజకీయ నాయకుల మీద నమ్మకం పోగొట్టుకున్నారు. మళ్లీ చేరతారా అని అడిగితే చాలా మంది సరే అంటారు. యూరో కరెన్సీ తీసుకోవాలి, అందర్నీ రానివ్వాలి అనగానే ఆ సంఖ్య బాగా పడిపోతుంది. 2016లో లీవ్ అన్న పదానికి ఎలాగైతే పది అర్థాలున్నాయో, ఇప్పుడు తప్పు అన్న పదానికీ అన్నే ఉన్నాయి.

ఇది కీర్ స్టార్మర్‌కు బాగా తెలుసు. ఒకప్పుడు రెండో రెఫరెండం కావాలన్న మనిషి, 2024 ఎన్నికల ముందు సింగిల్ మార్కెట్, కస్టమ్స్ యూనియన్, స్వేచ్ఛగా రాకపోకలు.. మూడింటికీ తిరిగి వెళ్లేది లేదని రాసిచ్చినంత పని చేశారు. గెలిచాక చిన్న చిన్న అడుగులే వేస్తున్నారు. 2025 మే 19న ఈయూతో చేసుకున్న ఒప్పందంలో ఆహార ఉత్పత్తుల చెకింగ్ తగ్గించే దిశగా కదిలారు. దానికి ప్రతిగా యూరప్ పడవలకు బ్రిటన్ నీళ్లలో ఇంకో 12 ఏళ్లు, అంటే 2038 వరకు చేపలు పట్టుకునే వీలిచ్చారు. థేమ్స్‌లో జెండాలు ఊపుతూ వచ్చిన జాలర్లు మళ్లీ మోసపోయామన్నారు. బిజినెస్ వర్గాలు మాత్రం ఊపిరి పీల్చుకున్నాయి.

బాస్టన్ ఏం చేసింది? 2024లో ఆ నియోజకవర్గం ఫరాజ్ పార్టీ రిఫార్మ్ యూకే నాయకుడు రిచర్డ్ టైస్‌ను ఎంపీగా గెలిపించింది. దేశమంతా కలిపి ఆ పార్టీకి 14 శాతానికి పైగా ఓట్లు వచ్చినా సీట్లు ఐదే. ఏడాది తిరగకుండా స్థానిక ఎన్నికల్లో వందల కౌన్సిల్ సీట్లు కొట్టుకుపోయింది. గ్రేటర్ లింకన్‌షైర్‌కు తొలిసారి మేయర్‌ను ఎన్నుకుంటే ఆ పదవి కూడా వాళ్లకే. ఫరాజ్ ఇప్పుడు చెప్పేదొక్కటే, బ్రెగ్జిట్ తప్పు కాదు, దాన్ని అమలు చేసినవాళ్లది తప్పు అని. మొదట్లో ఏ అర్థమూ రాసి లేని ఓటుకు ఇదొక పెద్ద సౌకర్యం. అసలు బ్రెగ్జిట్ ఇంకా రాలేదని ఎప్పుడైనా చెప్పుకోవచ్చు.

ఆ ఒత్తిడికి లేబర్ ప్రభుత్వం కూడా వంగింది. 2025 మేలో వలసల మీద కొత్త విధానం ప్రకటిస్తూ, బ్రిటన్ అపరిచితుల దీవిలా మారే ప్రమాదం ఉందని స్టార్మర్ అన్నారు. సొంత పార్టీలోనే గొడవయ్యాక ఆ మాట అని ఉండాల్సింది కాదన్నారు. మాట వెనక్కి తీసుకున్నా రూల్స్ మాత్రం వెనక్కి పోలేదు. విదేశాల నుంచి కేర్ వర్కర్లను కొత్తగా తీసుకోవడం జులైలోనే ఆపేశారు. స్కిల్డ్ వర్కర్ వీసాకు జీతం పరిమితి 41,700 పౌండ్లకు పెంచారు. శాశ్వత నివాసానికి 5 ఏళ్లు కాదు, 10 ఏళ్లు ఆగాలన్న ప్రతిపాదన పెట్టారు. స్టూడెంట్లు భార్యాభర్తల్ని, పిల్లల్ని తెచ్చుకునే వీలు, రీసెర్చ్ కోర్సుల వాళ్లకు తప్ప, 2024 జనవరిలోనే పోయింది.

గ్రాడ్యుయేట్ రూట్‌ను కూడా కత్తిరించారు. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసే డిగ్రీ, మాస్టర్స్ విద్యార్థులకు రెండేళ్లు ఉండదు, 18 నెలలే. పీహెచ్‌డీ వాళ్లకు మాత్రం మూడేళ్లు అలాగే ఉంటుంది. ఈ సెప్టెంబర్ ఇంటేక్‌లో ఏడాది మాస్టర్స్‌కు వెళ్లే పిల్లలు కోర్సు పూర్తి చేసేది 2027లో. అంటే ఈ లెక్కలోకే వస్తారు. ఆ 18 నెలల్లోనే 41,700 పౌండ్ల రూల్స్‌కు సరిపోయే స్పాన్సర్‌ను, కొత్తగా చదువు పూర్తి చేసినవాళ్లకు ఇచ్చే తగ్గింపు పోను ఎంత జీతం చూపించాలో ముందే కనుక్కుని, వెతుక్కోవాల్సి ఉంటుంది. లోన్ కాగితం మీద సంతకం పెట్టే ముందు కన్సల్టెన్సీ వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.